క్రైస్తవ ఆదరణ: చావు ఇంట ఏ మాట ఊరటనిస్తుంది, ఏ మాట గాయపరుస్తుంది

అయినవాళ్లను పోగొట్టుకున్నవారి దగ్గరికి వెళ్లి మాట్లాడటాన్ని తెలుగులో మూడు మాటలతో చెబుతారు. పరామర్శ, ఓదార్పు, ఆదరణ. మొదటిది మర్యాదకు సంబంధించింది. వెళ్లకపోతే బాగుండదని వెళ్లేది కూడా పరామర్శే. రెండోది మనసుకు దగ్గరి మాట. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరులో మరణించాక, ఆయన కుమారుడు 2010లో మొదలుపెట్టిన యాత్రకు పేరుగా మారి అది రాజకీయ నిఘంటువులోకీ ఎక్కింది. మూడోదైన ఆదరణను మిగతా తెలుగువాళ్లు ప్రేక్షకాదరణ, ప్రజాదరణ వంటి చోట్ల ఎక్కువగా వాడతారు. తెలుగు క్రైస్తవులకు మాత్రం అది ప్రధానంగా దుఃఖంలో తోడు నిలవడమే. అంత్యక్రియలు అయిన కొద్ది రోజులకు ఇంటి దగ్గరో, చర్చిలోనో జరిగే ప్రార్థనను వారు ‘ఆదరణ కూడిక’ అంటారు.

ఈ మాట వారికి బైబిలు అనువాదం నుంచి వచ్చింది. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఓదార్పుకు వాడిన ‘పరాక్లేసిస్’ అనే పదానికి మూలార్థం పక్కకు పిలవడం, పక్కన నిలవడం. కొరింథీయులకు పౌలు రాసిన రెండో లేఖ మొదట్లో అయిదు వచనాల్లోనే ఈ పదం, దాని క్రియారూపం కలిపి పదిసార్లు వస్తాయి. ఒకరు తమ కష్టంలో పొందిన ఊరటనే కష్టంలో ఉన్న మరొకరికి అందించగలుగుతారన్నది ఆ భాగం సారాంశం. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు వాడిన ‘పరాక్లేతోస్’ను తెలుగు అనువాదకులు ‘ఆదరణకర్త’ అన్నారు. అంటే ఆ పదంలో ఉపన్యాసం కన్నా ఉనికికే ఎక్కువ చోటుంది. పక్కన కూర్చోవడం ముందు, పలకడం తరవాత. ఈ వరస తారుమారైనప్పుడే చిక్కంతా వస్తుంది.

యోబు స్నేహితులు చేసిన పొరపాటు

చావు ఇంట ఏం మాట్లాడాలన్న ప్రశ్నకు బైబిల్లో అన్నింటికన్నా వివరమైన పాఠం యోబు గ్రంథంలో ఉంది. పదిమంది పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబును చూడటానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వస్తారు. అతన్ని గుర్తుపట్టలేక ఏడుస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చుంటారు. అంతవరకూ వారు చేసింది సరిగ్గానే ఉంది. తరవాత నోరు విప్పుతారు. పాపం చేయకుండా ఇంత కష్టం వస్తుందా, దేవుడు అన్యాయం చేస్తాడా, పశ్చాత్తాపపడితే మళ్లీ మంచి రోజులు రావా అని అధ్యాయాల కొద్దీ వాదిస్తారు. విడివిడిగా చూస్తే వాటిలో చాలా మాటలు భక్తిగా, అందంగా కూడా ఉంటాయి. యోబు మాత్రం విసిగిపోయి, మీరంతా బాధపెట్టే ఓదార్పరులని ముఖం మీదే అనేస్తాడు. గ్రంథం చివరలో దేవుడికి కోపం వచ్చేది మొరపెట్టుకున్న యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద.

ఇచ్చిన దేవుడే తీసుకున్నాడన్న అర్థం వచ్చే వాక్యం ఈ గ్రంథంలోనిదే. తెలుగునాట క్రైస్తవ అంత్యక్రియల్లో వినపడేంతగా మరో వాక్యం వినపడదేమో. ఆ మాట అన్నది ఎవరో గమనించాలి. పిల్లలను పోగొట్టుకున్న యోబే స్వయంగా అన్నాడు. చూడవచ్చిన వాళ్లు అతనితో అనలేదు. దుఃఖితుడి నోట అది విశ్వాసం. అదే మాట పరామర్శకు వచ్చినవారి నోట పడితే ఇక ఏడుపు ఆపమన్న ఆజ్ఞలా వినిపిస్తుంది. ‘దేవుని చిత్తం’ అన్న మాటకూ ఇదే వర్తిస్తుంది. రోడ్డు ప్రమాదంలో కొడుకు పోయిన తల్లితో అది దేవుని చిత్తమమ్మా అంటే, తాగి లారీ నడిపినవాడి తప్పును దేవుడి ఖాతాలో రాసినట్టే. క్రైస్తవ వేదాంతం కూడా అంత తేలిగ్గా ఆ లెక్క వేయదు. మరణాన్ని చివరకు నశించాల్సిన శత్రువుగానే పౌలు వర్ణించాడు.

లాజరు సమాధి దగ్గర

రెండో పాఠం యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో ఉంది. బేతనియలో లాజరు చనిపోయిన నాలుగు రోజులకు యేసు అక్కడికి చేరతాడు. అక్కచెల్లెళ్లయిన మార్త, మరియ వేర్వేరు సమయాల్లో ఎదురొచ్చి ఒకే నిష్ఠూరం ఆడతారు, నువ్వు ఇక్కడుంటే మా సోదరుడు చనిపోయేవాడు కాడని. యేసు ఇద్దరినీ మందలించడు. మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడతాడు, మరియ ఏడుపు చూసి తానూ కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఒకే ఇంట్లో, ఒకే చావు దగ్గర, ఒకరికి మాట అవసరమైంది, మరొకరికి కన్నీరు అవసరమైంది. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడన్నది వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా ఆగి ఆలోచించిన చోటు. విశ్వాసం ఉన్నవాళ్లు ఏడవకూడదు అనేవారికి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి లేఖలోని నాలుగో అధ్యాయాన్ని తరచూ ఆ వాదానికి ఆధారంగా చూపుతారు. అక్కడ పౌలు దుఃఖించవద్దని అనలేదు. నిరీక్షణ లేనివారిలా దుఃఖించవద్దన్నాడు. ఆ చిన్న తేడాను మింగేసిన ప్రసంగాల వల్ల ఎందరో భార్యలు, తల్లులు తమ ఏడుపు అవిశ్వాసానికి గుర్తేమోనని భయపడుతూ బతికారు. ఆ భాగం వాళ్లను ఒకరినొకరు ఆదరించుకోమని చెప్పడంతోనే ముగుస్తుంది. చనిపోయినవారిని ‘నిద్రించినవారు’ అనడం కూడా ఈ లేఖలో కనపడుతుంది. తెలుగు ఫ్లెక్సీల మీద, శుభలేఖల్లాంటి ఆహ్వాన పత్రాల మీద కనిపించే ‘ప్రభువునందు నిద్రించారు’ అన్న ప్రయోగానికి మూలం ఇలాంటి వాక్యాలే. శ్మశానానికి ఇంగ్లిషులో వాడే ‘సెమెటరీ’ అనే పదం కూడా నిద్రపోయే చోటు అన్న అర్థమున్న గ్రీకు మాట నుంచే పుట్టింది. తెలుగువారు దానికి పెట్టుకున్న పేరు ఇంకా బాగుంటుంది: సమాధుల తోట.

కీర్తనల గ్రంథంలో మూడో వంతుకు పైగా మొరలూ విలాపాలేనని పండితుల లెక్క. వాటిలో ఎక్కువ భాగం దుఃఖంతో మొదలై స్తోత్రంతో ముగుస్తాయి. 88వ కీర్తన అలా ముగియదు, చీకటిలోనే ఆగిపోతుంది. ఆదరణ కూడికల్లో 23వ కీర్తన చదవని చోటు ఉండదు గానీ, 88 వినపడటం చాలా అరుదు. పసిబిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో మొదటి వారంలో కాపరి గురించిన ప్రశాంతమైన పాట కన్నా ఈ చీకటి పాటే నిజాయితీగా తోచవచ్చు. ప్రార్థనలో దేవుణ్ని నిలదీయడానికి కూడా చోటుందని అది చెబుతుంది.

మాటలు మారిన తీరు

చర్చి ఎప్పుడూ ఒకే స్వరంతో ఓదార్చలేదు. మధ్యయుగాల పాశ్చాత్య అంత్యక్రియల్లో తీర్పు దినం గురించిన భయమే ముందుండేది. రెండో వాటికన్ మహాసభ తరవాత 1969లో వచ్చిన కొత్త క్రమంలో కథోలికులు ఆ భయంకర గీతాన్ని పక్కనపెట్టి, పునరుత్థానం మీద ఆశకు పెద్దపీట వేశారు. దహనానికి 1963లోనే అనుమతి వచ్చింది. అస్థికలను వెదజల్లకూడదని, ఇంట్లో ఉంచుకోకూడదని 2016లో వాటికన్ మళ్లీ స్పష్టం చేసింది.

బాప్తిస్మం పొందకుండా చనిపోయిన శిశువుల సంగతి ఇంతకన్నా బాధాకరమైనది. వారు పరలోకానికీ నరకానికీ చెందని ‘లింబో’ అనే స్థితిలో ఉంటారన్న ఊహ తల్లులను శతాబ్దాల పాటు వేధించింది. అది అధికారిక సిద్ధాంతం ఎప్పుడూ కాదు. అయినా 2007లో గానీ అంతర్జాతీయ వేదాంత సంఘం పత్రం, ఆ బిడ్డల రక్షణను ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయని తేల్చి చెప్పలేదు.

ఆత్మహత్య విషయంలోనూ అంతే. 1917 నాటి కథోలిక ధర్మశాస్త్రం కావాలని ప్రాణం తీసుకున్నవారికి చర్చి అంత్యక్రియలను నిరాకరించేది. 1983 శాస్త్రంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక వేదన బాధ్యతను తగ్గిస్తుందని, అలా పోయినవారి విషయంలో నిరాశ చెందకూడదని 1992 నాటి కథోలిక బోధన గ్రంథం చెబుతోంది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలంటోంది. ఇంత జరిగినా, ఉరి వేసుకున్న యువకుడి శవపేటిక ముందే నరకం గురించి ప్రసంగించే బోధకులు ఇంకా ఉన్నారు. ఆ కుటుంబం ఆ తరవాత చర్చి గడప తొక్కకపోతే తప్పు కుటుంబానిది కాదు.

సొంత దుఃఖం ఎదురైతే సిద్ధాంతాలు ఎలా కరిగిపోతాయో చూపడానికి సి.ఎస్. లూయిస్‌ను చెప్పుకోవచ్చు. దేవుడు బాధను ఎందుకు అనుమతిస్తాడన్న ప్రశ్నకు ఆయన 1940లో ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్’ అనే తర్కబద్ధమైన పుస్తకం రాశాడు. భార్య జాయ్ డేవిడ్‌మన్ 1960లో క్యాన్సర్‌తో పోయాక, మరుసటి ఏడాది మారుపేరుతో ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్’ వెలువరించాడు. అందులో ఆయన విశ్వాసం కోల్పోలేదు గానీ, తన పాత జవాబులను తానే అనుమానించాడు. దుఃఖంలో ఉన్నవారికి ఈ రెండింటిలో ఏది ఇవ్వాలని అడిగితే అనుభవమున్న పాస్టర్లు రెండోదాన్నే ఎంచుకుంటారు.

కొన్ని పాటలు మతం గీతలు దాటి దేశం మొత్తానికీ ఓదార్పు రాగాలయ్యాయి. హెన్రీ లైట్ 1847లో క్షయతో చావుకు దగ్గరై రాసిన ‘అబైడ్ విత్ మీ’ గాంధీకి ఇష్టమైనది. గణతంత్ర ఉత్సవాల ముగింపుగా ఢిల్లీలో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో దశాబ్దాల పాటు దాన్ని వాయించారు. 2022లో తొలగించినప్పుడు వచ్చిన వివాదంలో, ఆ రాగం విని కళ్లు చెమర్చినవారిలో క్రైస్తవులు ఎంత మంది అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

తెలుగు ఇళ్లలో

తెలుగునాట ఆదరణ పద్ధతి శాఖను బట్టి, ఊరిని బట్టి, కులాన్ని బట్టి కూడా మారుతుంది. కథోలికులు ఏడో రోజున, ముప్పయ్యో రోజున పూజ చెప్పించుకోవడం వాడుక. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ కుటుంబాల్లో ఆదరణ కూడిక ఏ రోజున జరపాలన్న కచ్చితమైన నియమం లేదు. పెద్దల సౌకర్యం, బంధువుల ప్రయాణాలు చూసి పెట్టుకుంటారు. చుట్టుపక్కల హిందూ కుటుంబాల దినాల లెక్క ఇందులో కలిసే చోట్లూ ఉన్నాయి. కొందరు పాస్టర్లు దాన్ని తప్పుపడతారు. బంధువులందరూ వచ్చే రోజున ప్రార్థన పెట్టుకుంటే వచ్చే నష్టమేమిటో వాళ్లు వివరించరు.

చావు ఇంట పొయ్యి వెలిగించరు. చాలా చోట్ల సంఘంలోని స్త్రీల సమాజమే వంతులవారీగా అన్నం, కూర పంపుతుంది. రాత్రుళ్లు ఇద్దరు ముగ్గురు ఇంట్లోనే పడుకుంటారు. అయ్యగారు చేసే ప్రసంగం కన్నా అమ్మగారు మూడో రోజు తెచ్చిన చారే గుర్తుందని చెప్పే కుటుంబాలు తక్కువేం కాదు. ఆదరణ కూడికల బలహీనత కూడా చెప్పుకోవాలి. నలుగురైదుగురు పాస్టర్లను పిలిస్తే ఎవరినీ కాదనలేక అందరికీ మైకు ఇస్తారు. ఒక్కొక్కరూ అరగంట తీసుకుంటారు. పోయిన మనిషి పేరు తప్పుగా పలికే వారూ ఉంటారు. బతికి ఉండగా చర్చికి సరిగా రాలేదని ఎత్తిపొడిచే వారూ ఉంటారు. ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టిన భార్య ఆ రెండు గంటలూ తల వంచుకుని వినాలి.

భర్త పోయిన స్త్రీకి పూలు, గాజులు తీసేయడం క్రైస్తవ సంస్కారంలో ఎక్కడా లేదు. అయినా కొన్ని కుటుంబాల్లో బంధువుల ఒత్తిడితో జరుగుతూనే ఉంది. అక్కడ సంఘ పెద్దలు ఒక్క మాట అడ్డుపడితే, అది ఏ వాక్య పఠనం కన్నా గట్టి ఆదరణ. పండిత రమాబాయి 1882లో భర్తను పోగొట్టుకుని, 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచినప్పుడు చేసింది అలాంటి పనే. చదువు, ఉపాధి కూడా ఓదార్పులో భాగమని ఆమె ఆచరించి చూపింది.

పరామర్శకు వెళ్లినవారు ఏం అనాలి? ‘ఏం చెప్పాలో తెలియట్లేదు అక్కా, చూడాలనిపించి వచ్చాను’ అన్నది చాలా సందర్భాల్లో సరిపోతుంది. పోయినవారి పేరు పలకడం, వాళ్లు చేసిన ఒక మంచి పనో నవ్వించిన సంగతో చెప్పడం ఇంట్లోవారికి ఇష్టంగా ఉంటుంది. ప్రార్థన చేయాలనుకుంటే ముందు అడగాలి. చేస్తే క్లుప్తంగా, ఆ మనిషి పేరుతో చేయాలి. ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనడం తేలిక, ఏం అడగాలో తెలియని స్థితిలో ఉన్నవారికి అది ఇంకో బరువు. ‘రేపు పిల్లల్ని బడికి నేను తీసుకెళ్తాను’, ‘మరణ ధ్రువీకరణ పత్రానికి నేను వెళ్తాను’, ‘బ్యాంకు పనికి మీతో వస్తాను’ వంటివి పనికొచ్చే మాటలు. దేవుడికి మంచివాళ్లే కావాలి, మీకింకా ఇద్దరు పిల్లలున్నారుగా, నా బాధ కన్నా ఇదేం ఎక్కువ కాదు వంటివి ఎంత ప్రేమతో అన్నా గుచ్చుకుంటాయి. గట్టిగా ప్రార్థించి ఉంటే బతికేవారన్న మాటైతే క్రూరం. స్వస్థత సభల ప్రభావంతో ఇది ఈ మధ్య ఎక్కువగా వినపడుతోంది.

పోయినవారు, మిగిలినవారు క్రైస్తవులు కానప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మీ కోసం మా ఇంట్లో ప్రార్థిస్తున్నామని చెప్పడం స్నేహం. శవం లేవకముందే రక్షణ గురించి బోధించడం దుఃఖాన్ని అవకాశంగా వాడుకోవడమే. లాజరు ఇంటి దగ్గర యేసు చేసిన పనికీ దానికీ పొంతన లేదు.

పాతిపెట్టే చోటు లేనప్పుడు

మాటలు సరిపోని దుఃఖాలూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో 2025 జనవరి 7న చనిపోయిన ఒక పాస్టరును సొంత ఊరిలో పాతిపెట్టడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. కుమారుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మృతదేహం దాదాపు మూడు వారాలు మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చారు. సొంత పొలంలో ఖననానికి అనుమతించాలని జస్టిస్ బి.వి. నాగరత్న అన్నారు. క్రైస్తవులకు కేటాయించిన వేరే చోటే జరగాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ అన్నారు. ఆలస్యం ఇంకా పెరగకుండా విస్తృత ధర్మాసనానికి పంపడం మాని, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కపాల్‌లో ఖననానికి ఆదేశించారు. కోవిడ్ తొలి రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, చెన్నైలో వైద్యుడి ఖననాన్ని అడ్డుకుని అంబులెన్సు మీద దాడి చేశారు. కేరళలో ఆర్థొడాక్స్, జాకోబైట్ వర్గాల తగాదాల్లో మృతదేహాలు రోజుల తరబడి ఆగిపోతుంటే, కుటుంబ సమాధుల్లో ఖననం చేసే హక్కు కోసం 2020లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. తిరుచ్చిలోని ఒక కథోలిక శ్మశానంలో దళితుల సమాధులను వేరు చేస్తూ కట్టిన గోడ చాలా ఏళ్లు చర్చకు కారణమైంది. చివరి రెండింటిలోనూ అడ్డుపడింది బయటివారు కాదు.

శ్రీలంకలో 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం, చర్చిల్లో, హోటళ్లలో జరిగిన బాంబు దాడుల్లో 260 మందికి పైగా చనిపోయారు. నెగొంబో దగ్గరి కటువాపిటియ చర్చి పరిసరాల్లో ఒకే ఇంట్లో ఒకరికన్నా ఎక్కువమందిని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. కార్డినల్ మాల్కం రంజిత్ మొదట ప్రతీకారం వద్దని ప్రజలను శాంతపరిచారు. తరవాత ఏళ్ల తరబడి దర్యాప్తు కోసం ప్రభుత్వాలను నిలదీస్తూనే ఉన్నారు. ముందే అందిన హెచ్చరికలను పట్టించుకోనందుకు, మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన 10 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం చెల్లించాలని ఆ దేశ సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. ఓదార్చడం, న్యాయం అడగడం రెండూ వేర్వేరు పనులని ఆ కుటుంబాలు ఎప్పుడూ అనుకోలేదు.

ఎంత కాలం

దుఃఖానికి గడువు పెట్టడం కుదరదు. అయినా అది మనిషిని పూర్తిగా కదలనివ్వకపోతే గుర్తించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 వర్గీకరణ ఆరు నెలలు దాటినా నిత్యజీవితాన్ని కుదేలు చేస్తున్న దుఃఖాన్ని ప్రత్యేక రుగ్మతగా చూస్తుంది. అమెరికా మనోవైద్యుల 2022 సవరణలో పెద్దలకు ఈ గడువు ఏడాది. అటువంటి స్థితిలో ఉన్నవారిని మరో ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లి ఊరుకోకూడదు, వైద్యుల దగ్గరికీ తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతుంది. ప్రార్థన, మందు రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

ఆదరణ కూడిక అయిపోయి, షామియానా విప్పాక ఫోన్లు తగ్గిపోతాయి. కష్టమైన రోజులు అప్పుడే మొదలవుతాయి. తొలి క్రిస్మస్, పెళ్లిరోజు, పుట్టినరోజు, బిడ్డ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు. ఆ తారీఖులను రాసిపెట్టుకుని ఫోను చేసే పాస్టర్లు, సంఘ పెద్దలు కొద్దిమందే ఉంటారు. కోస్తా జిల్లాల్లో చాలా కుటుంబాలు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. కథోలికులు నవంబరు 2న సమాధుల పండుగ చేస్తారు. అంతకు ముందు రోజుల్లో సమాధులకు సున్నం వేయించడం, కలుపు పీకడం, చెరిగిన పేర్లకు మళ్లీ రంగు దిద్దించడం ఇంటిల్లిపాదీ కలిసి చేస్తారు. ఆ ఏడాది కొత్తగా సమాధి చేరిన కుటుంబం దగ్గరికి పక్క సమాధుల వాళ్లు వచ్చి కాసేపు నిలబడతారు, ఎవరు పోయారని అడుగుతారు, తమవారి గురించి చెబుతారు.